నాన్న పోయాక పెన్షన్ అమ్మ పేరు మీదికి: ఏ కాగితం, ఏ ఆఫీసు, ఎంత డబ్బు

మా నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన పోయి, పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మని తీసుకుని బ్యాంకుకి వెళ్లాను. కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి తలెత్తకుండానే, "లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తెచ్చారా?" అన్నారు. తేలేదు. దాని కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ మూడు వారాలు తిరిగాను. తీరా తెచ్చి ఇస్తే, ఇంకో అధికారి చూసి "ఇదెందుకండీ, అమ్మగారి పేరు పీపీవోలోనే ఉందిగా" అని పక్కన పెట్టేశారు. (పీపీవో అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్.) ఆ మూడు వారాల విసుగులోంచే ఇది రాస్తున్నాను.

నాకు ఆలస్యంగా అర్థమైంది ఏమిటంటే, ఫ్యామిలీ పెన్షన్ ఆస్తి కాదు. వీలునామాతో ఇచ్చేది కాదు, వారసులు పంచుకునేది కాదు, నామినీ పేరు రాసి మళ్లించేదీ కాదు. ప్రభుత్వ నిబంధన ఎవరిని "కుటుంబం" అంటుందో, వాళ్లలో ముందు వరుసలో ఉన్నవాళ్లకి వెళ్తుంది. కానీ చనిపోయిన మనిషికి రావాల్సిన మిగతా డబ్బు అలా కాదు, అది నామినీకి వెళ్తుంది. ఈ రెంటినీ కలిపేసుకుని అడిగితే కౌంటర్లో మనకీ తికమకే, వాళ్లకీ తికమకే.

ముందు డబ్బుని విడదీసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గీతలు గీయండి.

మొదటిది ఫ్యామిలీ పెన్షన్. నెలనెలా వచ్చేది. భార్యకి లేదా భర్తకి, వాళ్లు లేకపోతే నిబంధనలు చెప్పిన పిల్లలకి, వాళ్లూ లేకపోతే ఆధారపడిన తల్లిదండ్రులకి.

రెండోది పెన్షన్ బకాయి. నాన్న బతికున్న చివరి రోజు వరకు రావాల్సి, ఆయన చేతికి అందనిది. ట్రెజరీ వాళ్లు దీన్ని ఎల్‌టీఏ అంటారు, లైఫ్ టైం ఎరియర్స్. కేంద్ర పెన్షనర్లకి దీనికోసం 1983 నాటి నామినేషన్ నిబంధనలున్నాయి. నామినీ పేరు రాసి ఉంటే వాళ్లకి, లేకపోతే చట్టబద్ధమైన వారసులకి. వారసుల సర్టిఫికెట్ అవసరం వచ్చేది ఇక్కడ.

మూడోది, ఉద్యోగంలో ఉండగానే పోతే వచ్చేవి: గ్రాట్యుటీ, జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల ప్రావిడెంట్ ఫండ్), సెలవుల డబ్బు, గ్రూప్ ఇన్సూరెన్స్. రిటైరయ్యాక పోయినవాళ్ల ఇంట్లో ఈ గడి మామూలుగా ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే రిటైర్మెంట్ రోజునే అవి తీసేసుకుని ఉంటారు.

డబ్బు ఎవరు వేస్తున్నారో చూడండి

పాస్‌బుక్ తెరిచి చివరి పెన్షన్ ఎంట్రీ చూడండి. పెన్షన్ బ్యాంకు ఖాతాలో పడినంత మాత్రాన దాన్ని బ్యాంకే ఇస్తున్నట్టు కాదు.

కేంద్ర ప్రభుత్వ సివిల్ పెన్షనర్లకి, చాలామంది రైల్వే పెన్షనర్లకి బ్యాంకు తాలూకు సీపీపీసీ, అంటే కేంద్రీకృత పెన్షన్ విభాగం, లెక్కగట్టి వేస్తుంది. మీ బ్రాంచి కాగితాలు తీసుకుని అక్కడికి పంపుతుంది. రక్షణ శాఖ పెన్షన్ అయితే స్పర్శ్ పోర్టల్. టెలికాం శాఖ, బీఎస్‌ఎన్‌ఎల్ పెన్షన్ సంపన్న్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా కంట్రోలర్ ఆఫ్ కమ్యూనికేషన్ అకౌంట్స్ ఆఫీసు నేరుగా వేస్తుంది, అక్కడ బ్యాంకు చేసేది ఏమీ ఉండదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగులకి ట్రెజరీ. ఇది తేలకుండా ఏ ఆఫీసు మెట్లూ ఎక్కొద్దు.

నేను ప్రధానంగా బ్యాంకు ద్వారా వచ్చే కేంద్ర పెన్షన్ గురించే చెప్తాను, నేను పడింది అదే కాబట్టి. ట్రెజరీ సంగతి తర్వాత విడిగా ఉంది.

మొదటి వారంలో చేయాల్సినవి, చేయకూడనివి

మరణ నమోదు 21 రోజుల్లో చేయించాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లే సమాచారం పంపుతారు, ఇంట్లో పోతే మనమే చెప్పాలి. పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్నంలో మున్సిపాలిటీకి. 21 రోజులు దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు. దుఃఖంలో ఉన్న ఇంట్లో 21 రోజులు ఎలా గడుస్తాయో తెలియదు, అందుకే దగ్గరి బంధువు ఎవరికైనా ఈ ఒక్క పని అప్పగించండి. నమోదు చేయించేటప్పుడు పేరు నోటితో చెప్పొద్దు. పీపీవో జిరాక్స్ చేతికిచ్చి, "ఇందులో ఉన్నట్టే రాయండి" అనండి. కనీసం ఐదారు ఒరిజినల్ కాపీలు తీసుకోండి.

ఇక చేయకూడనిది ఒకటి ఉంది. నాన్న ఏటీఎం కార్డుతో ఆయన పోయాక పడిన పెన్షన్ తీయడం. ఖర్చులకి చేతిలో డబ్బు లేక చాలా ఇళ్లలో చేసే పనే ఇది, తప్పు పట్టడానికి కాదు చెప్తున్నది. కానీ పెన్షన్ చనిపోయిన రోజు వరకే. ఆ మర్నాటి నుంచి వచ్చేది ఫ్యామిలీ పెన్షన్. జులై 12న పోతే 12 వరకు నాన్న లెక్క, 13 నుంచి అమ్మ లెక్క. సమాచారం అందకపోతే బ్యాంకు నెలనెలా పూర్తి పెన్షన్ వేసుకుంటూ పోతుంది, తర్వాత ఎక్కువ పడినదంతా అమ్మ ఫ్యామిలీ పెన్షన్‌లోంచి కోసుకుంటుంది. నాలుగు నెలలు చెప్పకుండా ఉంటే ఆ కోత ఏడాది సాగొచ్చు.

నాన్న ఫోన్ సిమ్ మాత్రం వెంటనే ఆపేయకండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. కొన్ని నెలలు రీఛార్జి చేయిస్తూ ఉండండి.

పీపీవో దొరికిందా?

పెన్షన్ పేమెంట్ ఆర్డర్. ఇంట్లో ఏ ట్రంకుపెట్టె అడుగునో, ఏ ప్లాస్టిక్ కవర్లోనో ఉంటుంది. కేంద్ర సివిల్ పెన్షన్ అయితే 12 అంకెల నంబరు. దొరక్కపోతే కంగారు పడొద్దు, ఇంకో ప్రతి బ్యాంకు దగ్గర ఉంటుంది. ఇటీవల రిటైరైనవాళ్లదైతే డిజిలాకర్‌లో ఈ-పీపీవో ఉండొచ్చు. పాతకాలం వాళ్లకి వేతన సంఘం మారినప్పుడల్లా సవరణ ఉత్తర్వు వచ్చి ఉంటుంది. పీపీవో వెనక పిన్ను కొట్టి ఉండే ఆ కాగితాలు పారేయకండి, చివరిగా వచ్చినదే లెక్కలోకి వస్తుంది.

పీపీవోలో నాలుగు గళ్లు చూడాలి. ఫ్యామిలీ పెన్షన్ ఎవరి పేరు మీద ఉంది? ఆ మనిషి పుట్టినతేదీ ఎంత? పెంచిన రేటు ఎంత, ఏ తేదీ వరకు? మామూలు రేటు ఎంత? (ఈ రెండు రేట్లేమిటో కింద చెప్తాను.) అమ్మ పేరు అందులో ఉంటే సగం పని రిటైర్మెంట్ రోజునే అయిపోయినట్టు. కొత్తగా మంజూరు అక్కర్లేదు, మొదలుపెట్టమని చెప్తే చాలు.

పేరు లేకపోతే దారి వేరు. మొదటి భార్య పోయి, రిటైరయ్యాక మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్ల ఇళ్లలో ఇలా జరుగుతుంది. అప్పుడు నాన్న చివరిగా పనిచేసిన ఆఫీసుకి ఫారం 10 పెట్టుకోవాలి (పాత నిబంధనల్లో దీన్నే ఫారం 14 అనేవారు). ఆ ఆఫీసు నుంచి పే అండ్ అకౌంట్స్‌కి, అక్కడ నుంచి ఢిల్లీలోని సెంట్రల్ పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసుకి, అక్కడ నుంచి బ్యాంకుకి వెళ్తుంది. నెలలు పడుతుంది. బతికున్నప్పుడే కొత్త భార్య పేరు ఆఫీసుకి రాసి పీపీవోలో చేర్పించుకుని ఉంటే ఈ తిప్పలు ఉండవు.

పేర్ల గోల

పనులు ఆగేది ఎక్కువగా ఇక్కడే. రిటైరైనప్పుడు గుమస్తా పీపీవోలో "వెంకటలక్ష్మి" అని రాశారు. ఆధార్‌లో "లక్ష్మమ్మ". బ్యాంకులో ఇంటిపేరుకి ఒక పొడి అక్షరం, పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర్లో. ఓటరు కార్డులో పుట్టింటివాళ్ల ఇంటిపేరు. మన ఇళ్లలో ఆడవాళ్లకి ఇది మామూలే. పిలిచే పేరు ఒకటి, పెళ్లయ్యాక అత్తవారింట్లో పెట్టిన పేరు ఇంకొకటి.

చిన్న తేడాలకి, అంటే పొడి అక్షరాలు, "అమ్మ" కలవడం, ఇంటిపేరు ముందూ వెనకా అవడం లాంటివాటికి, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ రాయించి ఇస్తే చాలాచోట్ల ఒప్పుకుంటారు. పేరే వేరయితే ఒప్పుకోరు. అప్పుడు రెండు దారులు. పీపీవోలో పేరు సరిచేయమని ఆఫీసుకి రాయడం, లేదా పీపీవోలో ఉన్నట్టు ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాలు మార్చుకోవడం. నా మాట వింటే రెండోదే పట్టుకోండి. ఆధార్ సవరణ మనం తిరిగితే అయ్యే పని, పీపీవో సవరణ మాత్రం మూడు ఆఫీసుల చేతుల్లో ఉంటుంది.

పుట్టినతేదీ ఇంకో ముడి. ఆధార్ తీసిన రోజుల్లో తేదీ తెలియనివాళ్లకి ఏదో ఒక ఏడాదికి జనవరి 1 వేసేశారు. పీపీవోలో తేదీ వేరుగా ఉంటుంది. ఆ రోజుకి ఎవరూ పట్టించుకోకపోయినా, అమ్మకి 80 ఏళ్లు నిండాక అదనపు పెన్షన్ మొదలయ్యేది ఈ తేదీ మీదే. పీపీవోలో తేదీ గడి ఖాళీగా ఉంటే పాన్, పాస్‌పోర్టు, బడి సర్టిఫికెట్ లాంటి ఆధారం ఏదైనా ఇప్పుడే ఇచ్చి రాయించండి. ఎప్పుడో అప్పుడు చూద్దాంలే అనుకుంటే, అప్పటికి ఈ కాగితాలు తెలిసిన కొడుకు అమెరికాలో ఉంటాడు.

బ్యాంకులో ఇవ్వాల్సినవి

అమ్మ పేరు పీపీవోలో ఉంటే పెద్ద ఫారాలు అక్కర్లేదు. ఇవి పట్టుకెళ్లండి:

- పెన్షనర్ మరణించారని, ఫ్యామిలీ పెన్షన్ మొదలుపెట్టమని అమ్మ సంతకంతో ఉత్తరం. వేలిముద్ర అయితే ఇద్దరు సాక్షులు.
- మరణ ధ్రువపత్రం, ఒరిజినల్ చూపించి జిరాక్స్ ఇవ్వాలి.
- పీపీవో పెన్షనర్ ప్రతి.
- అమ్మ ఆధార్, పాన్, ఫోటోలు, పుట్టినతేదీ ఆధారం.
- ఎక్కువ పడితే తిరిగి తీసుకోవచ్చని రాసిచ్చే అండర్‌టేకింగ్. ఇది బ్యాంకు నమూనాలోనే ఉంటుంది.
- మళ్లీ పెళ్లి చేసుకోలేదన్న డిక్లరేషన్. డెబ్బై ఏళ్ల అమ్మతో దీని మీద సంతకం పెట్టించడం మనకే ఇబ్బందిగా ఉంటుంది. అది అందరికీ ఉన్న ఫారమే అని ముందే చెప్పి ఉంచండి.

నాన్న, అమ్మ జాయింట్ ఖాతాలోనే పెన్షన్ పడుతుంటే, అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ పీపీవోలో మంజూరై ఉంటే, కొత్త ఖాతా తెరవమని బ్యాంకు పట్టుబట్టకూడదు. కేంద్ర పెన్షన్ శాఖ దీని మీద బ్యాంకులకి స్పష్టంగా ఆదేశాలిచ్చింది. అయినా కౌంటర్లో "కొత్తది తెరవాలమ్మా" అంటే, ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. మాకు ఆ అడగడంతోనే పని జరిగింది.

ఇచ్చిన ప్రతి కాగితానికి మీ దగ్గరున్న కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. "సీపీపీసీకి పంపాం" అన్న మాట మీద ఇంటికి రాకండి. ఏ తేదీన పంపారు, రిఫరెన్స్ నంబరెంత అని అడగండి.

ఎంత వస్తుంది?

దీని గురించి ఇళ్లలో లేనిపోని అపోహలున్నాయి, అందుకే అంకెలతో చెప్తాను.

కేంద్ర ఉద్యోగి చివరి మూలవేతనం 60,000 అనుకుందాం. పెన్షన్ అందులో సగం, 30,000. రిటైరైనప్పుడు 40 శాతం కమ్యూట్ చేసుకుని ఉంటే, అంటే ఆ భాగానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని ఉంటే, నెలకి 12,000 కోసుకుని 18,000 ఇస్తారు. డీఆర్, అంటే ధరలు పెరిగేకొద్దీ పెన్షన్ మీద కలిపే కరువు భత్యం, మాత్రం పూర్తి 30,000 మీదే లెక్క.

ఫ్యామిలీ పెన్షన్ మామూలు రేటు మూలవేతనంలో 30 శాతం, అంటే 18,000. పెంచిన రేటు 50 శాతం, అంటే 30,000. రెంటికీ డీఆర్ కలుస్తుంది. నాన్న చేసుకున్న కమ్యుటేషన్‌తో ఫ్యామిలీ పెన్షన్‌కి సంబంధం లేదు. ఆ కోత ఆయనతోనే పోతుంది.

పెంచిన రేటు ఎంతకాలం? రిటైరయ్యాక పోతే, చనిపోయిన మర్నాటి నుంచి ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే రోజు, ఏది ముందయితే అప్పటివరకు. ఆ మొత్తం ఆయనకి రిటైర్మెంట్‌లో మంజూరైన పెన్షన్‌ని మించదు.

ఇప్పుడు ఆయన 63వ పుట్టినరోజు అయిన కొత్తలో పోయారనుకోండి. అమ్మకి దాదాపు నాలుగేళ్లు 30,000, దాని మీద డీఆర్. నాన్న చేతికి వచ్చినదానికంటే ఇది ఎక్కువ! బ్యాంకు పొరపాటున వేసిందని భయపడి ఆ డబ్బు ముట్టని ఇళ్లు ఉన్నాయి. పొరపాటు కాదు. తర్వాత నాలుగేళ్లకి హఠాత్తుగా 18,000కి దిగుతుంది, అప్పుడు "ఎవరో కోసేశారు" అని మళ్లీ పరుగు. అదీ పొరపాటు కాదు. ఆ తేదీ పీపీవోలోనే ఉంటుంది, క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. ఇంటి అద్దె, మందుల ఖర్చు అప్పటి మొత్తాన్ని బట్టి చూసుకోండి, ఇప్పటి మొత్తాన్ని బట్టి కాదు.

67 దాటాక పోతే పెంచిన రేటు లేదు, మొదటి నెల నుంచే 30 శాతం. ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే.

కనీస ఫ్యామిలీ పెన్షన్ 9,000, మామూలు రేటులో గరిష్ఠం 75,000. అమ్మకి 80 ఏళ్లు నిండితే మూల ఫ్యామిలీ పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకి నూరు శాతం. ఇక్కడ చూసేది అమ్మ వయసు, నాన్నది కాదు.

అమ్మ కూడా ఉద్యోగం చేసి సొంత పెన్షన్ తీసుకుంటుంటే? రెండూ వస్తాయి. ఒకటి వదులుకోవాలని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మన ట్రెజరీ పెన్షన్లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ రాష్ట్ర పెన్షనర్లకి ఆధారం 1980 నాటి సవరించిన పెన్షన్ నిబంధనలే. మామూలు రేటు ఇక్కడా 30 శాతమే. పెంచిన రేటు ఎప్పటివరకో పీపీవోలో తేదీ వేసి ఉంటుంది. కేంద్ర లెక్క, అంటే ఆ 67 ఏళ్ల మాట, ఇక్కడ అతికించొద్దు. రాష్ట్ర నిబంధనలు వేరు.

కాగితాలు ఇవ్వాల్సింది బ్యాంకులో కాదు, పెన్షన్ తీసుకుంటున్న సబ్ ట్రెజరీలో. ఎస్టీవో (సబ్ ట్రెజరీ అధికారి) గారి దగ్గర ఉన్న పీపీవో ప్రతిలో దంపతుల జాయింట్ ఫోటో, గుర్తింపు వివరాలు ఉంటాయి, వాటితో అమ్మని పోల్చి చూసి ఫ్యామిలీ పెన్షన్‌కి మారుస్తారు. అందుకే అమ్మ ఒకసారి స్వయంగా వెళ్లాల్సి రావచ్చు. నడవలేని స్థితిలో ఉంటే ముందే రాతపూర్వకంగా చెప్పండి. చాలాచోట్ల అమ్మ ఒక్కరి పేరున ఖాతా అడుగుతారు, వెళ్లేముందు కనుక్కోండి. పాన్, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, మరణ ధ్రువపత్రం, పెన్షనర్ పీపీవో ప్రతి, ఫోటోలు ఎటూ కావాలి.

ఎల్‌టీఏకి, డెత్ రిలీఫ్‌కి విడిగా దరఖాస్తు పెట్టాలి. పెన్షనర్ పోతే అంత్యక్రియల ఖర్చు కింద కుటుంబానికి ఇచ్చే మొత్తమే డెత్ రిలీఫ్, పీఆర్సీ (రాష్ట్ర వేతన సవరణ) మారినప్పుడల్లా మారుతుంటుంది. పాతవాళ్లు దీన్ని మట్టి ఖర్చులు అంటారు. అడిగినవాళ్లకే ఇస్తారు. అడగనివాళ్లని వెతికి ఇచ్చే ఆఫీసు నాకింతవరకు కనపడలేదు.

వయసు అదనం మన రెండు రాష్ట్రాల్లో 80 దాకా ఆగక్కర్లేదు, 70 నిండితే మొదలవుతుంది. ఫ్యామిలీ పెన్షనర్‌కీ వర్తిస్తుంది.

ఊళ్లో పెన్షనర్ల సంఘం ఉంటే ముందు అక్కడికి వెళ్లండి. రిటైరైన హెడ్మాస్టరు గారో, ట్రెజరీలోనే చేసి రిటైరైన గుమస్తా గారో అక్కడ కూర్చుని ఉంటారు. మీకు నెల పట్టే ఫారం ఆయన పావుగంటలో నింపుతారు.

అమ్మ కూడా లేకపోతే

ఇక్కడ చాలామంది కొడుకులకి నిరాశ తప్పదు. పెళ్లై, ఉద్యోగం చేసుకుంటున్న కొడుకుకి ఫ్యామిలీ పెన్షన్ రాదు. కేంద్ర నిబంధనల ప్రకారం పిల్లలకి 25 ఏళ్లు నిండేవరకు, లేదా పెళ్లి అయ్యేవరకు, లేదా కనీస ఫ్యామిలీ పెన్షన్‌ని, దాని మీద డీఆర్‌ని మించి సంపాదన వచ్చేవరకు, ఏది ముందయితే అంతవరకే. అందరికీ పంచరు, వయసులో పెద్దవాళ్ల నుంచి ఒకరి తర్వాత ఒకరికి ఇస్తారు.

25 దాటినా వచ్చే అవకాశం ఉన్నవాళ్లు కొందరున్నారు. పెళ్లికాని కూతురు, భర్త పోయిన కూతురు, విడాకులైన కూతురు. ఆదాయ పరిమితి వాళ్లకీ ఉంది. భర్త పోయిన కూతురి విషయంలో ఆ మరణం తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికుండగా జరిగి ఉండాలి. విడాకుల కేసు తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికుండగా వేసి ఉంటే, తీర్పు తర్వాత వచ్చినా పరవాలేదని 2017లో సడలించారు.

సొంతంగా బతకలేని వైకల్యం ఉన్న బిడ్డకి జీవితాంతం వస్తుంది. ఈ బిడ్డ విషయంలో మాత్రం వాయిదా వేయొద్దు. తల్లిదండ్రులు బతికుండగానే వైద్య ధ్రువపత్రంతో ఆఫీసుకి రాసి, పీపీవోలో ఆ బిడ్డ పేరు కూడా చేర్పించవచ్చు. చేర్పిస్తే తర్వాత సంరక్షకుడు మరణ ధ్రువపత్రం పట్టుకెళ్తే సరిపోతుంది. చేర్పించకపోతే మాట్లాడలేని మనిషి తరఫున ఎవరో మొదటినుంచి ఫైలు నడపాలి.

రెండో భార్య సంగతి కూడా అడుగుతుంటారు, గొంతు తగ్గించి. మొదటి భార్య ఉండగా చేసుకున్న పెళ్లి హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం చెల్లదు, కాబట్టి ఆమెకి ఫ్యామిలీ పెన్షన్ రాదు. ఆమె పిల్లలకి మాత్రం హక్కు ఉంది.

ఉద్యోగంలో ఉండగానే పోతే

ఇది పూర్తిగా వేరే ఫైలు, నడపాల్సింది ఆఫీసే. కుటుంబ వివరాల ఫారం సర్వీసు రిజిస్టర్‌లో ఉందో లేదో మొదటిరోజే అడగండి. కేంద్రంలో అయితే ఫ్యామిలీ పెన్షన్ పదేళ్లపాటు 50 శాతం, తర్వాత 30. సర్వీసు ఏడేళ్లు నిండి ఉండాలన్న షరతు 2019 అక్టోబరు నుంచి తీసేశారు.

డెత్ గ్రాట్యుటీ సర్వీసుని బట్టి ఉంటుంది. ఏడాదిలోపయితే రెండు నెలల వేతనం, ఐదేళ్లలోపు ఆరు నెలలది, 11 ఏళ్లలోపు 12 నెలలది, 20 ఏళ్లలోపు 20 నెలలది. 20 ఏళ్లు దాటితే ప్రతి ఆరు నెలల సర్వీసుకి అర నెల వేతనం చొప్పున, 33 నెలలకి మించకుండా. ఇక్కడ వేతనం అంటే మూలవేతనం, డీఏ కలిపి. కేంద్రంలో గరిష్ఠం 2024 జనవరి నుంచి 25 లక్షలు. మిగిలిన ఆర్జిత సెలవుల డబ్బు 300 రోజుల వరకు వస్తుంది. జీపీఎఫ్, గ్రూప్ ఇన్సూరెన్స్ నామినీకి. రాష్ట్ర ఉద్యోగి అయితే ప్రభుత్వ జీవిత బీమా పాలసీ బాండ్లు కూడా వెతకండి, ఒక్కొక్కరికి మూడు నాలుగు ఉంటాయి. నామినేషన్ పెళ్లికి ముందు రాసి, అందులో తల్లి పేరో అన్న పేరో ఉండిపోతే గొడవలు వస్తాయి. నామినీ లేని పెద్ద మొత్తాలకి సివిల్ కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మంటారు.

2004 తర్వాత చేరినవాళ్లది ఎన్‌పీఎస్, మన దగ్గర సీపీఎస్ అంటాం. ఉద్యోగి, ప్రభుత్వం చెరికొంత ఒక ఖాతాలో వేసే పద్ధతి ఇది. కేంద్ర ఉద్యోగి కుటుంబం పాత పద్ధతిలో ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటే, ఖాతాలో ప్రభుత్వం వేసిన వాటా, దాని మీద పెరిగినది ప్రభుత్వానికి తిరిగి వెళ్తుంది. ఉద్యోగి సొంత వాటా, దాని రాబడి నామినీకి వస్తాయి. ఖాతాలో ఉన్న మొత్తం చూసి "అంతా మనదే" అనుకుని లెక్కలు వేసుకోకండి.

మొదలయ్యాక ఏటా చేయాల్సినవి

బ్యాంకు ద్వారా తీసుకునేవాళ్లకి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్, 80 దాటినవాళ్లకి అక్టోబరు నుంచే అవకాశం. ఆన్‌లైన్‌లో ఈ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో నాన్న కోసం చేసిన పాత నమోదు అమ్మకి పనికిరాదు. పెన్షన్ రకం దగ్గర ఫ్యామిలీ అని ఎంచుకుని కొత్తగా చేయాలి. వేలిముద్రలు అరిగిపోయి మెషీన్ తీసుకోకపోతే ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది. పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తారు, రుసుము 70 రూపాయలు. అమ్మ మీ దగ్గర విదేశంలో ఉంటే భారత రాయబార కార్యాలయంలో సర్టిఫికెట్ తీసుకోవచ్చు.

పన్ను దగ్గర ఒక తేడా. నాన్న పెన్షన్ జీతం కింద లెక్క, ఫ్యామిలీ పెన్షన్ ఇతర ఆదాయం కింద లెక్క. అందులో మూడో వంతు లేదా 15,000, ఏది తక్కువయితే అది మినహాయింపు. కొత్త పన్ను విధానంలో ఆ 15,000ని 25,000 చేశారు. బ్యాంకు దీని మీద జీతంలా టీడీఎస్ కోయదు కాబట్టి, ఆదాయం పరిమితి దాటితే రిటర్ను మనమే గుర్తుపెట్టుకుని వేయాలి.

వైద్య కార్డు నాన్న పేరు మీద ఉంటే అమ్మ పేరు మీదికి మార్పించండి. ఫ్యామిలీ పెన్షన్ మొదలైన కాగితం చేతికి రాగానే పెట్టాల్సిన దరఖాస్తు ఇదే. ఆసుపత్రి కౌంటర్ దగ్గర గుర్తొస్తే లాభం లేదు.

రెండు నెలలైనా పడకపోతే

బ్రాంచి మేనేజరుకి రాతపూర్వకంగా, సీలు వేయించుకున్న కాపీలు జతచేసి. కదలకపోతే కేంద్ర పెన్షనర్లకి సీపెన్‌గ్రామ్స్ పోర్టల్ ఉంది. ఫిర్యాదులో కథ రాయొద్దు. పీపీవో నంబరు, మరణించిన తేదీ, కాగితాలు ఇచ్చిన తేదీ, రిఫరెన్స్ నంబరు, అంతే. మాది 14వ రోజున కదిలింది. రాష్ట్ర పెన్షన్ అయితే జిల్లా ట్రెజరీ అధికారి. ముదిరిన కేసులకి పెన్షన్ అదాలత్‌లు జరుగుతుంటాయి, ఆ ప్రకటన వచ్చినప్పుడు గడువులోగా దరఖాస్తు పెట్టాలి.

అమ్మ ఖాతాలో మొదటి ఫ్యామిలీ పెన్షన్ బకాయితో సహా పడ్డాక ఇంకో కాగితం మిగిలి ఉంటుంది, అమ్మ తరఫున బకాయిల నామినేషన్. నాన్న నామినేషన్ నాన్నతోనే సరి. మా అమ్మ ఆ ఫారం నింపుతూ, నామినీ గడి దగ్గర నా మొహం ఒకసారి చూసి, చెల్లెలి పేరు రాయమంది.